కుల్సుం బీ సవతులు

ఎల్లారెడ్డిలో కుల్సుం బీకి ఉన్నంతమంది సవతులు ఆ చుట్టుపక్కల ఏ ఆడదానికీ లేరు. అందరూ ఆమె ఇంట్లోనే, ముందుగదిలో గోడకు ఆనించిన అద్దాల బీరువాలో కాపురముండేవారు. మట్టివాళ్ళు, కట్టెవాళ్ళు, ఇత్తడివాళ్ళు, తెల్లరాతి సుందరి ఒకతి, విమానమెక్కి దుబాయి నుంచి దిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురు. పొద్దున్నే లేచి మొగుడు మొదట వాళ్ళ ముఖాలు చూసేవాడు. పెళ్ళాం ముఖం ఆ తర్వాతే, అదీ ఆమె చేతిలో చాయ్ కప్పు ఉంటేనే.

సవతులంటే పొగతాగే పైపులు. మొగుడంటే సిరాజుద్దీన్ సాబ్, పశువుల దవాఖానలో కంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. సైకిలు మీద తండాలకూ ఊళ్ళకూ తిరిగి ఎడ్లకూ బర్రెలకూ సూదులేస్తూ, ఎక్కడ పాత పైపు కనబడితే అక్కడ ఆగిపోయేవాడు. తండా ముసలివాళ్ళు గుప్పిట్లో పట్టి పీల్చే మట్టి చిలుములు, పెద్ద రైతుల ఇళ్ళలో అటక మీద పడి ఉన్న హుక్కాలు, బిచ్కుంద అవతలి నుంచి వచ్చిన నల్లచెక్క పైపులు, అన్నీ చేరాయి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన వాళ్ళు అందరికీ అత్తరు తెస్తే ఈయనకు మాత్రం సన్నటి గొట్టాలు తెచ్చేవారు.

ఇంత చేసి ఆయన పొగ తాగడు. పక్కన ఎవరైనా బీడీ ముట్టిస్తే చాలు, అవతలికి పోయి కళ్ళనీళ్ళు వచ్చేదాకా దగ్గేవాడు. సాయంత్రం అరుగు మీద ఉర్దూ పేపరు చదివేటప్పుడు మాత్రం ఖాళీ పైపు ఒకటి పళ్ళ మధ్య పెట్టుకుని నవాబులా కూర్చునేవాడు.

"తాగనోళ్ళకు గివన్ని ఎందుకు?" అని కుల్సుం బీ పెళ్ళైన కొత్తలో అడిగింది.

"చూసుకుంటందుకు."

"నన్ను ఎప్పుడన్న గిట్ల చూసుకున్నరా?"

"నువ్వు ఏడికి పోతవు? ఇవే, జర ఏమారితే పోతయి," అన్నాడాయన, తెల్లరాతి పైపును మెత్తటి గుడ్డతో తుడుస్తూ.

ఆ జవాబుకు ఆమె ముప్పై ఏళ్ళకు పైగా అలిగింది. అలుగుతూనే ఆ బీరువా అద్దాలు శుక్రవారం శుక్రవారం తుడిచింది. మనుషులు అంతే మరి. ఒక పట్టాన అర్థం కారు.

చివరికి ఏమార్చి పోయినవాడు ఆయనే. రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె మొదలై, రేపో మాపో బస్సులు ఆగిపోతాయని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఒక పొద్దున నమాజు చేసి, చాయ్ అడిగి, ఆ చాయ్ వచ్చేలోగా కళ్ళు మూశాడు. కామారెడ్డి నుంచి కూతురు హుమేరా, అల్లుడు ముజీబ్ మోటారు సైకిలు మీద వచ్చారు. జనాజాకు ఊరు ఊరంతా కదిలింది. సూదులు వేయించుకున్న బర్రెలు కూడా వచ్చేవే గాని, వాటికి ఎవరూ కబురు చెప్పలేదు.

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పైచిలుకు గడప దాటకుండా, పరాయి మగవాళ్ళ కంట పడకుండా ఇద్దత్ పాటించాలి. కుల్సుం బీ లోపలి గదిలో, పరదా వెనక కూర్చుంది. హుమేరా తల్లి దగ్గరే ఉండిపోయింది. ఇద్దత్ తీరాక తల్లిని కామారెడ్డి తీసుకుపోవాలని మాట అనుకున్నారు. స్టేషను దగ్గర వాళ్ళది రెండు గదుల ఇల్లు. కుల్సుం బీకి చోటుంది, ఆమె కుట్టుమిషనుకు చోటుంది. సవతులకు మాత్రం లేదు.

"ఎవరికన్న ఇచ్చేద్దాం అమ్మీ. అడిగేటోళ్ళు మస్తుమంది ఉంటరు," అంది హుమేరా.

కుల్సుం బీ కూడా సరేననే అనుకుంది. అంతలో ఇంటికి పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళలో నాజిమా ఆపా అనే పెద్దావిడ నాలుగు మంచి మాటలు చెప్పింది. ఆ మంచి మాటల్లోనే చిక్కంతా వచ్చిపడింది.

"పోయినోళ్ళ పేరు మీద బోరింగు వేయిస్తే," అంది ఆపా, "దాంట్ల ఎవరు నీళ్ళు తాగినా ఆ సవాబ్ కబర్ల ఉన్నోళ్ళకు పోతనే ఉంటది. మనం ఇచ్చిన వస్తువు ఎవరు వాడినా అంతే. వాడినప్పుడల్లా పుణ్యం అక్కడ జమ అయితది."

ఆడవాళ్ళందరూ సుభానల్లా అన్నారు. కుల్సుం బీ కూడా అంది. అంటూనే పరదా సందులోంచి ముందుగదిలోని బీరువా వైపు చూసింది. చూసి, నోట్లో పెట్టుకున్న ఖర్జూరం నమలడం మానేసింది.

ఆ రోజంతా ఆమె అన్నం సరిగ్గా తినలేదు. హుమేరా బతిమాలి అడిగితే చెప్పింది. "బోరింగు నీళ్ళు తాగితే సవాబ్ పోతది గదా బిడ్డా. మరి ఈ పైపు ఎవనికో ఇచ్చినమనుకో. వాడు దాంట్ల పొగాకు వెట్టి గుంజుతడు. గుంజినప్పుడల్లా ఆ గునా, ఆ పాపం ఎవరి ఖాతాల పడ్తది? మీ అబ్బా జిందగీల ఒక్క దమ్ము గుంజలే. గిప్పుడు ఊరోళ్ళందరి పొగ ఆయన మీద పడాల్నా?"

హుమేరా నవ్వబోయింది. తల్లి ముఖం చూసి ఆ నవ్వును మింగేసింది. బీయస్సీ చదివిన పిల్లే గాని, కబరులోని లెక్కలకు ఆ చదువు ఎక్కడ సరిపోతుంది?

ముజీబ్‌ను మౌల్వీ సాబ్ దగ్గరికి పంపారు. ఆయన ప్రశ్న మొత్తం విని, బుగ్గలోని జర్దా పాన్‌ను ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చి, కితాబు చూసి చెప్తానన్నాడు. ఆ తర్వాత ముజీబ్ ఎదురైతే చాలు, ఇంకో గల్లీలోకి తిరిగేవాడు.

కుల్సుం బీ తనకు తోచిన దారులన్నీ తొక్కింది. పగలగొట్టేద్దామని ఒక మట్టి చిలుము ముందు పెట్టుకుని రోకలి ఎత్తింది. చెయ్యి దిగలేదు. పాతిపెడదామంటే కుక్కలు తవ్వుతాయి. తాళం వేసి పెడదామంటే తన తర్వాత ఎవరి చేతుల్లో పడతాయో ఏమో. ఆ చల్లటి మట్టికింద పడుకున్న మనిషి చుట్టూ పొగ కమ్ముకుంటున్నట్టు, ఆయన లేచి అవతలికి పోదామంటే చోటు లేక దగ్గుతున్నట్టు ఆమెకు అనిపించేది.

దేవుడి దయవల్ల ముజీబ్‌ది కామారెడ్డిలో మొబైల్ ఫోన్ల దుకాణం. పొద్దస్తమానం ఇంటర్నెట్‌లో ఏదో ఒకటి గెలుకుతూ ఉంటాడు. అందులోనే హైదరాబాదు ఖుర్షీద్ సాబ్ దొరికాడు. ఆయనా పైపుల పిచ్చివాడే. ఫోటోలు పంపితే, వెంటనే వచ్చి చూస్తానన్నాడు.

"ఆయన పొగ తాగుతడా?" అని పరదా వెనక నుంచి మొట్టమొదటి ప్రశ్న వచ్చింది.

"తాగడు అమ్మీజాన్. ఎవరినీ తాగనియ్యడు కూడా. అద్దాల పెట్టెల పెట్టి తాళం వేస్తడట. దగ్గరికి పోతే ఊపిరి కూడా గట్టిగ తీయొద్దంటడట."

కుల్సుం బీకి ప్రాణం లేచొచ్చింది. అద్దాల పెట్టె, తాళం, పొగ లేదు, గునా లేదు. తన సవతులకు ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది? ఆ రాత్రి ఆమె కంటినిండా నిద్రపోయింది. తెల్లారి లేచేసరికి ఇంకో సంగతి తట్టింది. పెళ్ళిచూపులకు పిల్లను నూనె జిడ్డు ముఖంతో కూర్చోబెడతామా?

బీరువాలోంచి ఒక్కొక్కటే తీసి చూస్తే, ఇన్నేళ్ళ సంసారంలో ఎన్నడూ చూడని మురికి కనబడింది. అద్దాలు తుడిచింది గాని లోపలి వాటిని ఆయన ముట్టుకోనిచ్చేవాడు కాదు. ప్రతిదాని కడుపులోనూ నల్లటి మసి, తారులా గట్టిపడి ఉంది. అదంతా ఎవరెవరో పీల్చిన పొగ. అది అలాగే ఉంచి ఎలా పంపుతుంది? కడిగి పాక్ చేయాలి కదా.

గంపెడు కుంకుడుకాయలు కొట్టించింది. రాగి గుండిగలో నీళ్ళు కాగబెట్టింది. సవతులందరినీ అందులో ముంచి ఒక రాత్రంతా నానబెట్టింది. పొద్దున కొబ్బరిపీచు, బూడిద, చింతపండు ముందు పెట్టుకుని కూర్చుంది. ఇత్తడివి చింతపండుతో తళతళలాడాయి. కట్టెవాటి కడుపులు పీచుతో గీకి గీకి తెల్లబరిచింది. హుమేరా ఒకసారి వచ్చి, "అమ్మీ, ఇంత రుద్దొచ్చా?" అంది గాని, అడగాల్సినవాడు కబరులో ఉన్నాడు. ముజీబ్ ఫోను ఎత్తలేదు.

నీళ్ళ చప్పుడు విని గల్లీ పిల్లలు పెరట్లోకి దూరారు. కుంకుడు నురుగు చూస్తే పిల్లలు ఊరుకుంటారా? మామూలుగా బొప్పాయి ఆకు కాడ తెంపుకుని బుడగలు ఊదేవాళ్ళు, ఇక్కడ ఇన్ని గొట్టాలు ఆరబెట్టి ఉంటే ఇంకేం కావాలి? తలా ఒకటి తీసుకున్నారు. కుల్సుం బీ ఒక్కసారి గదిమి, తర్వాత వదిలేసింది. మంచిదే, లోపల ఇంకేమైనా మిగిలి ఉంటే బయటికి పోతుంది.

సరిగ్గా ఆ వేళకే ఖుర్షీద్ సాబ్ కారు వచ్చి ఆగింది. కుల్సుం బీ చేతులైనా కడుక్కోకుండా పరదా వెనక్కి పోయింది.

ఆయన తెల్ల షేర్వానీలో, చేతులకు తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకుని దిగాడు. కామారెడ్డి నుంచి వెంట వచ్చిన ముజీబ్ మర్యాదగా లోపలికి తీసుకొచ్చాడు. పెరట్లో అడుగుపెట్టిన ఖుర్షీద్ సాబ్‌కు మొదట కనబడింది తెల్లరాతి సుందరి. నిక్కరు జారుతున్న ఒక బుడ్డోడు దాన్ని నోట్లో పెట్టుకుని, బుగ్గలు పూరించి ఊదుతున్నాడు. దాని నోట్లోంచి ఒక పెద్ద బుడగ రంగురంగులుగా ఊగుతూ వచ్చి ఖుర్షీద్ సాబ్ ముక్కు మీద పగిలింది.

ఆయన ముక్కు తుడుచుకుని, ఒక కట్టె పైపు ఎత్తి లోపలికి చూశాడు. ఇంకొకటి చూశాడు. ఎండలో బోర్లించిన వరుస పొడుగునా నడిచాడు.

"ఎవరు కడిగారు?" అని నీరసంగా అడిగాడు.

"మా అమ్మీ. మీకోసమే, చానా కష్టపడ్డది," అంది హుమేరా.

"లోపలి నలుపు ఏళ్ళ తరబడి పట్టిన పొర అమ్మా. ఎవరు తాగారు, ఎంతకాలం తాగారు, అన్నీ అందులోనే ఉంటాయి. మాకు కావలసింది అదే. అది పోయాక ఇవి కొత్త కట్టె, కొత్త మట్టి." ఆయన మంచి మనిషి. పరదా వైపు తిరిగి సలాం చేశాడు. ఇచ్చిన చాయ్ మొత్తం తాగాడు. ఒక్క పైపైనా తీసుకోకుండా కారెక్కి వెళ్ళిపోయాడు.

పరదా వెనక కుల్సుం బీ కూలబడింది. "అద్దాల పెట్టె దాక వచ్చిన నసీబును నా చేతులతోనే కడిగేసుకున్న బిడ్డా," అని ఏడ్చింది. "గిప్పుడు వీటిని ఎవరు తీసుకపోతరు? తాగేటోళ్ళు తప్ప ఎవరికి కావాలె?"

హుమేరా తల్లి తల నిమురుతూ కూర్చుంది. పెరట్లో పిల్లలు ఇంకా బుడగలు ఊదుతూనే ఉన్నారు. ఒకటి రెండు లోపలిదాకా వచ్చాయి.

సమ్మె సడలి బస్సులు మళ్ళీ తిరగడం మొదలైన రోజుల్లోనే నలభయ్యో రోజు ఫాతెహా వచ్చింది. వాకిట్లో షామియానా వేశారు. బగారన్నం, దాల్చా వండించారు. మగవాళ్ళు వాకిట్లో, ఆడవాళ్ళు లోపల బంతులు సాగుతున్నాయి. ఆ సందట్లోంచి లింగంపేట దారిలోని తండా నుంచి దుర్గి వచ్చింది. ముసలిదే గాని గట్టి మనిషి. చేతుల నిండా గాజులు గలగలమంటుంటే తిన్నగా పరదా ఎత్తుకుని లోపలికి వచ్చేసింది. ఆడదానికి అడ్డేముంది?

కుల్సుం బీని పట్టుకుని తమ పద్ధతిలో రాగం తీసి ఏడ్చింది. ఏడుపు అయ్యాక కళ్ళు తుడుచుకుని, అన్నం తిని, రెండోసారి దాల్చా పోయించుకుని, అప్పుడు అసలు మాట ఎత్తింది.

"బీబమ్మా, నా చిలుం నాకు ఇయ్యి."

"నీ చిలుమా?"

"నాదే. మెడకాడ ఎర్రదారం చుట్టి ఉంటది. మా అవ్వ నాకిచ్చింది. మీ సాబు ఎత్తుకపోయిండు."

కుల్సుం బీకి కోపం వచ్చింది. "మా సాబు దొంగనా?"

"దొంగ అన్ననా? మాట ఇచ్చి ఎత్తుకపోయిండు." దుర్గి సర్దుకుని కూర్చుంది. "మా బర్రెకు సూది వేయనీకి వచ్చిండు. నేను మంచం మీద కూసోని చిలుం తాగుతున్న. ఆయన కన్ను బర్రె మీద లేదు, చిలుం మీదనే ఉంది. నేను దగ్గిన. అంతే, సందు దొరికింది. ఇటు తిరుగు దుర్గీ అన్నడు. బర్రెకు పెట్టినట్టె నా వీపుకు చెవి పెట్టిండు. లోపల మంచిగ లేదు, ఈ చిలుం నా దగ్గర ఉండనీ, నయమైనంక తిరిగిస్త అన్నడు. నేను ఇచ్చిన."

"మళ్ళ?"

"మళ్ళేంది? వచ్చినప్పుడల్లా అడుగుడు, ఆయన చెవి పెట్టుడు. ఇంక నయం కాలే దుర్గీ అనుడు. ఎన్నేండ్లు! నాకు దగ్గు ఎప్పుడో పోయింది. ఆయన చెవుకు మాత్రం పోలే." దుర్గి పకపకా నవ్వింది. నవ్వి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆశ బీబమ్మా, ఆశ. చిలుం కావాలె, అడగనీకి నామోషీ. అందుకె నెపం నా రొమ్ము మీద పెట్టిండు. నాకు ఎరుకే. కాని ఆ మనిషి అట్ల గుంజుకోకపోతే మా ఆయన తీర్గ నేను గూడ ఎప్పుడో పోతుంటి."

చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు నవ్వుతున్నారు. కుల్సుం బీ నవ్వలేదు. తిరిగిస్తానని తీసుకున్న వస్తువు అమానత్. అమానత్ అప్పగించకుండా పోయిన మనిషికి కబరులో సుఖం ఉండదని ఆమె చిన్నప్పటి నుంచి విన్నది. ఇస్తే పొగ, ఇవ్వకపోతే అమానత్. ఎటు చూసినా ఇరుక్కునేది ఆయనే.

"నాకే గాదు," దుర్గి నిమ్మళంగా మంట ఎగదోసింది. "అందరి కాడ గిట్లనే తెచ్చిండు గదా."

హుమేరా వాకిట్లోంచి పరుగున వచ్చింది. "అమ్మీ, బీర్కూరు నుంచి సిద్దిరాములు పటేల్ వచ్చిండు. వాళ్ళ ఇంటి హుక్కా అబ్బా కాడ ఉన్నదట. నయమైనంక ఇస్త అన్నడట. నస్రుల్లాబాద్ నుంచి ఇంకో ఇద్దరు గూడ అదే మాట అంటున్నరు."

కుల్సుం బీ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ముప్పై ఏళ్ళ పైబడి ఆ మనిషి పక్కన బతికింది. జిల్లా అంతటా వీపులకు చెవులు పెట్టి పైపులు కొట్టుకొచ్చాడని ఒక్కనాడూ తెలియలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతో పాటే, చెప్పకూడదు గాని, కొంచెం ముద్దు కూడా వచ్చింది.

బాగా ఆలోచించి, అమానతే పెద్దదని తేల్చుకుంది. ఎవరి వస్తువు వాళ్ళకు చేరాలి. తర్వాతి సంగతి అల్లా చూసుకుంటాడు. లేచి పోయి ఎర్రదారం చిలుము వెతికి తెచ్చి, రెండు చేతులతో దుర్గికి ఇచ్చింది.

"తాగుతవా?" అని అడిగింది.

"మరి? పూజ చేస్తనా?"

దుర్గి బొడ్లోంచి సంచి తీసింది. మగవాళ్ళు లేని పెరటి వైపు పోయి గడప మీద కూర్చుంది. ఎన్నేళ్ళయినా చేతులు మర్చిపోలేదు. పొగాకు నలిపి చిలుములో కూరింది. అడుగున తడిగుడ్డ చుట్టింది. పొయ్యిలోంచి నిప్పు తెచ్చి పైన పెట్టింది. కుల్సుం బీ తలుపు పట్టుకుని నిలబడి, కళ్ళు మూసుకుని దువా చదవసాగింది. ఆ పొగ ఇప్పుడు లేస్తుంది, మట్టిలోకి దిగుతుంది, ఆయన దగ్గుతాడు.

దుర్గి బలం కొద్దీ ఒక దమ్ము లాగింది.

పొగ రాలేదు. చిలుములో ఏదో బుసబుసమంది. తడిగుడ్డ తగిలి, రాత్రంతా మట్టి తాగిన కుంకుడు రసం ఒక్కసారిగా పొంగింది. పైన నిప్పు సుయ్‌మని ఆరిపోయింది. కింద దుర్గి మూతి చుట్టూ నురుగు. ఆమె థూ థూ అని ఉమ్మింది. ఉమ్మితే నోట్లోంచి ఒక బుడగ వచ్చింది.

"ఏం చేసినవ్ బీబమ్మా దీన్ని? తలంటు పోసినవా?"

కుల్సుం బీ కళ్ళు తెరిచి చూసింది. మొదట ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక లోపలెక్కడో మొదలైన నవ్వు ఆగలేదు. తలుపుకు ఆనుకుని, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. ఆడవాళ్ళందరూ పెరట్లోకి వచ్చారు. నురుగు మూతితో దుర్గి కూడా నవ్వుతోంది. ఫాతెహా ఇంట్లో ఇంత నవ్వేమిటని నాజిమా ఆపా కోప్పడబోయి, దుర్గి ఇంకో బుడగ వదలడం చూసి తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దుర్గి మాత్రం ఓడిపోయే మనిషి కాదు. మూతి కడుక్కుని, చిలుమును ఎండవైపు పెట్టి చూసింది. "ఏం గాదు. నాలుగు దినాలు ఎండబెడ్త. మంచి పొగాకు రెండు మూడు సార్లు కాలిస్తె చేదు పోతది. మళ్ళ మంచిగనే తాగొచ్చు," అంటూ బొడ్లో దోపుకోబోయింది.

కుల్సుం బీ నవ్వు ఆగిపోయింది. దుర్గి లేచి నిలబడింది. ఇంకో నిమిషం పోతే వెళ్ళిపోతుంది. వెళ్ళి, ఎండబెట్టి, తాగి, మళ్ళీ దగ్గడం మొదలుపెడుతుంది. అప్పుడు కుల్సుం బీకి కబరులోని మనిషి సంగతి తట్టలేదు. ఎదురుగా ఉన్న ఈ ముసలి వీపే కనబడింది.

"దుర్గవ్వా, ఇటు తిరుగు," అంది.

"ఎందుకు?"

"తిరుగుమన్న గదా."

దుర్గి తిరిగింది. కుల్సుం బీ వంగి, ఆమె వీపుకు చెవి ఆనించింది. రవికె మీది అద్దాలు చెంపకు చల్లగా గుచ్చుకున్నాయి. దుర్గి ఊపిరి తీస్తుంటే లోపల పాత తలుపు తెరిచినట్టు సన్నగా కిర్రుమంది. ఆమె అలాగే చాలాసేపు విన్నది. ఇక్కడే, ఇదే చోట, ఆయన చెవి ఎన్నిసార్లు పెట్టి ఉంటాడో. ఆయన విన్న చప్పుడే తను వింటోంది. పోయినప్పటి నుంచి ఆయనకు ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ లేదు.

"ఇంక నయం కాలే, దుర్గవ్వా," అంది, తల ఎత్తకుండానే. "చిలుం నా దగ్గర ఉండనీ. నయమైనంక ఇస్త."

దుర్గి కదలలేదు. ఆమె వీపు మాత్రం మెల్లగా అదరడం కుల్సుం బీ చెంపకు తెలిసింది. తర్వాత ఆ గాజుల చెయ్యి వెనక్కి వచ్చి, చిలుమును ఆమె చేతిలో పెట్టింది.

నయమైనంక అన్న మాట ఉన్నంతకాలం అమానత్‌కు లోటు లేదు, పొగకూ దారి లేదు. ఈ లెక్క ఆయనకు తెలిసే చేశాడో, ఆశకొద్దీ చేశాడో ఇప్పుడు అడగడానికి లేదు. కుల్సుం బీ కొంగు బిగించి ముజీబ్‌ను పరదా దగ్గరికి పిలిపించింది.

"పటేల్ వీపుకు చెవి పెట్టు."

"నేనా? నాకేం తెలుస్తది అమ్మీజాన్? నేను ఫోన్లు బాగు చేసేటోన్ని."

"ఏమన్న వినబడేదాక తియ్యకు."

బగారన్నం తిని బరువెక్కిన సిద్దిరాములు పటేల్‌ను షామియానా కింద బోర్లా తిప్పి, ముజీబ్ చెవి పెట్టాడు. పటేల్‌కు చక్కిలిగింతలు పుట్టి నవ్వాడు. నవ్వు దగ్గయ్యింది. సిగరెట్లు కాల్చే మనిషి, ఆ దగ్గు పక్క గల్లీ దాకా వినబడింది. ఇక చెవి అవసరం లేకపోయింది. నస్రుల్లాబాద్ వాళ్ళిద్దరూ ఇదంతా చూసి, అడక్కుండానే వీపులు తిప్పారు.

సంక్రాంతి దాటి చలి తగ్గేసరికి ఇద్దత్ తీరింది. కుల్సుం బీ కామారెడ్డికి వస్తూ అద్దాల బీరువాను ట్రాలీలో ముందుగా పంపింది. హుమేరా టీవీని వంటింట్లోకి మార్చి, ముందుగదిలో సవతులకు చోటు చేసింది. ముజీబ్ గొణిగాడు గాని, దుకాణానికి వచ్చేవాళ్ళకు మామ కథ చెప్పేది మొదట వాడే.

దుర్గి సంతకు వచ్చినప్పుడల్లా బస్సు దిగి ఆ ఇంటికి వస్తుంది. చాయ్ కంటే ముందు వీపు తిప్పి కూర్చుంటుంది. పిల్లలు, ఇరుగుపొరుగు చుట్టూ చేరి చూస్తుంటే, కుల్సుం బీ కళ్ళు మూసుకుని శ్రద్ధగా వింటుంది.

"ఏమాయె? నయమైందా?"

"ఇంక లే."

"ఎప్పుడైతది మరి?"

"నేనున్నంత కాలం కాదు," అంటుంది కుల్సుం బీ, చాయ్ తేవడానికి లేస్తూ.